పిడికెడు బియ్యం, ఒక నోటు

మా అమ్మ అన్నానికి బియ్యం కొలిచాక, ఇంకా కడగక ముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనుండే డబ్బాలో వేస్తుంది. పొద్దున ఒకసారి, రాత్రికి మళ్ళీ ఎసరు పెడితే ఇంకోసారి. ఒకప్పుడు పాలపొడి వచ్చిన రేకు డబ్బా అది. మూత అంచు తుప్పు పట్టింది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డ సంచిలోకి వంపుకుని గుడికి, అంటే మా చర్చికి, తీసుకుపోతుంది. అక్కడ అందరి సంచులూ ఒకే గోతంలో పోస్తారు. జరుగుబాటు లేని ఇళ్ళకు కొంత పోతుంది, కొంత అమ్మి సంఘం ఖర్చులకు వాడతారు. తెలుగు క్రైస్తవ సంఘాల్లో పెరిగినవాళ్ళలో చాలామందికి ఈ పిడికెడు బియ్యం సంగతి తెలిసిందే.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో ఈ పని జరుగుతూనే ఉంది. రోజూ చూసేదే కాబట్టి నా కంటికి ఆనలేదు. దేవుణ్ణి నేను పెద్ద మైదానాల్లో షామియానాల కింద, చెవులు దద్దరిల్లే మైకుల ముందు వెతికాను. నలభై దగ్గర పడ్డాక గానీ ఆ డబ్బా వైపు చూడలేదు.

మా వైపు ప్రార్థన కూడికల్లో, దేవుడు తమకు చేసిన మేలు గురించి చెప్పే సాక్ష్యాలు దాదాపు ఒకే బాటలో నడుస్తాయి. డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థన చేశాం, లేచి కూర్చున్నాడు. లేదంటే, ఎన్నాళ్ళు తిరిగినా రాని వీసా ఉపవాసం పట్టిన వారానికి వచ్చింది. చెప్పేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు నేను దగ్గరగా చూశాను, అవి దొంగ కన్నీళ్ళు కావు. వాళ్ళ సంతోషాన్ని శంకించే హక్కు నాకు లేదు. నా పేచీ వేరే. ఏ అద్భుతమూ జరగని మనిషి ఆ కూడికలో ఎక్కడ కూర్చోవాలి? అదే ప్రార్థన చేసినా మొగుడు దక్కని మనిషికి మైకు ఎవరిస్తారు? ఆశీర్వాదం అనే మాటకు మనం మెల్లమెల్లగా డాబా అని, కారు అని, బెంగళూరులో ఫ్లాటు అని అర్థం చెప్పేసుకున్నాం. అన్నవస్త్రాలు ఉంటే వాటితో తృప్తిగా ఉందామని బైబిల్లో, పౌలు తిమోతికి రాసిన మొదటి ఉత్తరంలో ఉంది. ఆ మాట మీద ప్రసంగం నేను విని చాలా ఏళ్ళయింది.

నేను పుట్టు క్రైస్తవుణ్ణి. లండన్ మిషన్ అనే ఇంగ్లీషు మిషనరీ సంస్థ వాళ్ళు కడపలో 1822లోనే పని మొదలుపెట్టారు. జమ్మలమడుగులో వాళ్ళు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రిలోనే నేను పుట్టాను, నా పిల్లలిద్దరూ పుట్టారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడ్డాక మాది ఆ సంఘపు గుడి అయింది. బాప్తిస్మం రిజిస్టరులో నా పేరుంది, పెళ్ళి రిజిస్టరులో సంతకముంది. లోపల మాత్రం ఏమీ లేదు. క్రిస్మస్‌కు కొత్త చొక్కా, గుడ్ ఫ్రైడేకు తెల్ల చొక్కా వేసుకుని పోయి వచ్చేవాణ్ణి.

ఎర్రగుంట్ల దగ్గర నాకు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. గనుల నుంచి వచ్చిన బండల అంచులు కోసి, నీళ్ళు పారిస్తూ నున్నగా పాలిష్ పట్టి పంపడం మా పని. రెండు మిషన్లతో నడిపాను. నాలుగు డబ్బులు ఆడుతున్న రోజుల్లో కడపలో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టాను, కారు కొన్నాను. ఆ తర్వాత జనం టైల్స్ వైపు మళ్ళారు, నాపరాయి అడిగేవాళ్ళు తగ్గారు. 2016 నవంబరులో 500, 1000 నోట్లు రద్దయినప్పుడు మాలాంటి చిన్నవాళ్ళ చేతిలో డబ్బు తిరగడం ఆగిపోయింది. కూలీలకు వారం వారం నగదు ఇవ్వాలి, మాకు రావాల్సింది ఎక్కడెక్కడో ఇరుక్కుపోయింది. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాను. వినడానికి చిన్నగానే ఉంటుంది గానీ, నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షలు తెస్తే నెల తిరిగేసరికి 10,000 వడ్డీకే పోవాలి.

ఆ ఆరు నెలల్లో చేసినంత ప్రార్థన నేను జీవితంలో ఎప్పుడూ చేయలేదు. ఉపవాసాలున్నాను. ఒక పెద్ద ఆర్డరు వస్తే పదో వంతు గుడికిస్తానని మొక్కుకున్నాను. నా స్నేహితుడు ఒకడు ఇప్పటికీ అంటుంటాడు, "దెబ్బ తిన్నావు కాబట్టి దేవుడు గుర్తొచ్చాడు, బాగుంటే వచ్చేవాడా?" అని. ఈ మాట చాలామంది అంటారు. నా మట్టుకు అది నిజం కాదు. దెబ్బ తగిలినప్పుడు నేను చేసింది బేరం. నలభై ఏళ్ళకు దగ్గరైన వ్యాపారికి తెలిసిన పని అదొక్కటే. ఆర్డరు రాలేదు. బేరం కుదరలేదని నేనూ లేచి వచ్చేశాను. విశ్వాసం అనేది నాకు దొరికింది ఆ తర్వాత, దేవుణ్ణి అడగడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగలనప్పుడు.

2017లో కారు అమ్మాను, ఒక మిషను అమ్మాను. కడప ఇల్లు శ్లాబు పడి అక్కడే ఆగిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. జమ్మలమడుగులో అమ్మ ఉండే రెండు గదుల ఇంట్లోకి వచ్చేశాం. పొద్దున బస్సెక్కి ఫ్యాక్టరీకి పోవడం, చీకటి పడేసరికి ఇల్లు చేరడం. సాదా జీవితం అని ఇప్పుడు దానికి పేరు పెడుతున్నాను గానీ అప్పుడది ఉన్నదాంతో సరిపెట్టుకోవడమే. ఎంచుకుంటే వచ్చింది కాదు. ఇది దాచిపెట్టి సాదా జీవితం గురించి గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు. మా అబ్బ, జేజి, అంటే తాత, నానమ్మ, మూడు పూటలా కొర్రన్నం, సంగటి తిన్నారంటే ఆరోగ్యం కోసం కాదు. వరి అన్నం పండగనాడు మాత్రమే దొరికేది. ఇవాళ కొర్రలు సోనా మసూరి కంటే ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్ళం వాళ్ళ లేమిని మన నిష్ఠగా చెప్పుకోకూడదు. లేనివాడికి సాదాతనం బోధించడం తప్పు. ఆ బోధ ఉన్నవాడికే చెల్లుతుంది, అదీ అతను తనకు తాను చెప్పుకుంటే.

ఆ ఇంట్లో జరిగింది చెప్తాను. అంతకు ముందు నేను రాత్రి పదికి వచ్చి, టీవీ ముందు ఒక్కణ్ణే తినేవాణ్ణి. ఇప్పుడు ఐదుగురం నేల మీద వరసగా కూర్చుంటున్నాం. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి, ఒక్కోరోజు పప్పు. తిన్నాక అమ్మ పిల్లలతో ప్రార్థన పెట్టేది. మా కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. అమ్మకు ఆ పేర్లేవీ తెలియవు, బాణీ మాత్రం ఎక్కడా తప్పదు. ఆ సమయానికి నేను ఫోను పట్టుకుని బయట అరుగు మీద కూర్చునేవాణ్ణి. వినపడేది.

ఒక నెల మరీ కష్టమైంది. రేషను బియ్యం అయిపోయాయి, అంగట్లో ఖాతా పెరిగిపోయింది. నా భార్య అమ్మతో మెల్లగా అంది, "అత్తా, కొన్నాళ్ళు ఆ పిడికెడు ఆపుదాం. మనకే చాలడం లేదు" అని. అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కాసేపు ఆలోచించి, "నిలపొద్దుమ్మా. పాప చేత్తో తీయించు" అంది. మా పాపకు అప్పుడు ఆరేళ్ళు. ఆ రోజు నుంచి బియ్యం కొలవగానే పాపను పిలిచేవాళ్ళు. అది చేట ముందు గొంతుక్కూర్చుని, ఎంత పట్టుకోగలిగితే అంత పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి గింజలు జారిపోతుంటే రెండో చెయ్యి కింద పెట్టుకుని డబ్బా దాకా నడిచేది. మహా అయితే మూడు చెంచాలుంటాయి.

నేను ఆ చెయ్యి చూస్తూ నిలబడిపోయాను. నేను కోట్ల లెక్కలు వేసి దేవుడితో బేరమాడాను. మా అమ్మ ఆయనతో మాట తప్పకుండా ఉండడానికి చిన్న చెయ్యి ఒకటి వెతికింది, అంతే. ఇవ్వడం ఆగలేదు, ఇల్లు పస్తుండలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. కూటి కోసం మతం మారారని మా వాళ్ళను అంటారు. చిన్నప్పుడు బడిలో విన్నాను, ఇప్పుడు ఫోన్లలో చదువుతున్నాను. 1876లో మొదలైన కరువును మా వైపు ధాత కరువు అంటారు. కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి సీమ అంతా శవాల దిబ్బ అయిన కాలం అది. ఆ కాలంలో గంజి పోసిన చేతిని పట్టుకుని ఎవరైనా గుడిలోకి నడిచారంటే, వాళ్ళ తరఫున నేను సిగ్గుపడను. ఊరి బావి దగ్గరికి రానివ్వనివాళ్ళు ఆకలికి మతం మారడమేమిటని అడిగితే జవాబు చెప్పాల్సిన పని అసలే లేదు. అన్నం పెట్టడం ఒక మతం సొత్తు కాదని మా సీమకు బాగా తెలుసు. అంతకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడని ఇవాళ్టికీ పాడుకుంటారు. ఇక మా ప్రార్థన సంగతి. యేసు నేర్పిన ప్రార్థనలో పాపక్షమాపణ కంటే ముందు వచ్చేది అన్నం. మత్తయి సువార్త ఆరో అధ్యాయం తీసి చూడండి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నాకే క్షమాపణ మాట. ఆకలిగొన్నవాడు అన్నం వైపు నుంచి దేవుడి దగ్గరికి రావడం తప్పుదారి అయితే, ఆయన ఆ వరుసలో నేర్పి ఉండడు.

నేడు అనే మాట దగ్గర మాత్రం నేను చాలా రోజులు తడబడ్డాను. వానలు నమ్మించి మోసం చేసే సీమలో రేపటికి దాచుకోవడం పాపమా? ఎడారిలో దేవుడు రోజూ కురిపించిన మన్నా అనే ఆహారాన్ని మర్నాటికి దాచుకుంటే దానికి పురుగు పట్టిందని నిర్గమకాండంలో ఉంది. అదే బైబిల్లో యోసేపు ఏడేళ్ళ పంట గాదెల్లో దాచి ఐగుప్తును, అంటే ఈజిప్టును, బతికించాడు. రెండూ చదివి నాకు తోచింది ఏమిటంటే, యోసేపు దాచింది అందరి కోసం, ఎడారిలో వాళ్ళు దాచింది పక్కవాడి మీద నమ్మకం లేక. నేనిప్పుడు పోస్టాఫీసులో ఆర్డీ కడుతున్నాను. కానీ రేపటి భయంతో ఇవాళ్టి ముద్ద చేదు చేసుకోవడం మానేశాను. పిల్లలు పక్కన కూర్చుని కొట్లాడుకుంటూ తింటుంటే ఆ రోజుకు అడగాల్సింది ఏమీ కనపడేది కాదు. ఇచ్చినవాడికి వందనాలు చెప్పాలనిపించేది. అరుగు మీది నుంచి లేచి లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చోవడం అలా మొదలైంది. ఏ రోజని చెప్పమంటే చెప్పలేను. వెలుగు కనపడలేదు, ఒళ్ళు జలదరించలేదు.

యేసు దాదాపు 30 ఏళ్ళ వయసులో బోధ మొదలుపెట్టాడు. పన్నెండో ఏట తప్పిపోయి దేవాలయంలో దొరికిన కథ తర్వాత, ఆ బోధ దాకా గడిచిన కాలమంతా నజరేతులో ఒక ఇంట్లో, వడ్రంగం పనిలో పోయింది. ఎన్ని కొయ్యలు చిత్రిక పట్టి ఉంటాడో, తల్లి వండింది ఎన్ని వందలసార్లు తిని ఉంటాడో ఎవరూ రాయలేదు. బతుకులో ఎక్కువ భాగం అలా గడిపినవాణ్ణి మనం స్టేజీల మీదే ఎందుకు వెతుకుతాం?

ఇల్లూ సంసారమూ అని ఇంత చెప్తున్నాను కదా, దీని బరువు ఎవరి మీద పడిందో కూడా చెప్పాలి. ఖర్చు తగ్గించాలని పనిమనిషిని మాన్పించాం. బట్టలు చేత్తో ఉతకడం, రోట్లో నూరడం వచ్చాయి. అవన్నీ నా భార్య చేతుల మీదుగా జరిగాయి. నేను ప్రశాంతంగా బతకడం నేర్చుకుంటున్న ఆ ఏడాదంతా ఆమెకు నడుం వాల్చే తీరిక లేదు. ఒక రాత్రి ప్రార్థనకు పిలిస్తే, "మీరు చేసుకోండి, నాకు గిన్నెలున్నాయి" అంది. ఆ మాట తగిలినంత గట్టిగా నాకే ప్రసంగమూ తగల్లేదు. తిరిగి లేచిన తర్వాత కూడా యేసు సముద్రం ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, శిష్యులను రండి తినండి అని పిలిచాడని యోహాను రాశాడు. చావును గెలిచినవాడు వంట చేశాడు. మా ఇంట్లో మగవాళ్ళం తిన్న కంచం కూడా తీసేవాళ్ళం కాదు. ఆ వారం నుంచి రాత్రి గిన్నెలు నావి, మా వాడివి. ఆడవాళ్ళ వీపు మీద నిలబడే సాదాతనాన్ని భక్తి అనకండి, దయచేసి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. గుడి మూత పడింది, ఫ్యాక్టరీ మూత పడింది. రోజూ రాత్రి ప్రార్థన మేమే చేసుకోవాలి, పరలోక ప్రార్థన, అంటే యేసు నేర్పిన ఆ ప్రార్థన, అందరం కలిసి చెప్పాలి. ఒక రాత్రి "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" దాకా వచ్చాక మా పాప ఆగింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. "నాన్నా, ఋణస్థులంటే ఎవరు?" అంది.

"మనకు బాకీ ఉన్నవాళ్ళమ్మా."

"మనకెవరున్నారు?"

నా భార్య ఏమీ అనలేదు, నా వైపు చూసింది. బీరువాలో, రిజిస్ట్రేషన్ కాగితాల కింద, ఒక ప్రామిసరీ నోటు ఉంది. మా దగ్గర పాలిష్ పట్టే కుర్రాడు 2019లో చెల్లెలి పెళ్ళికి 45,000 అడ్వాన్సు తీసుకున్నాడు. వారానికి 500 చొప్పున కూలీలో పట్టుకుంటున్నాను. వడ్డీ వేయలేదు. వడ్డీ వేయని మంచివాణ్ణని మనసులో అనుకునేవాణ్ణి కూడా. కానీ నోటు తీరేదాకా అతను ఇంకో ఫ్యాక్టరీకి పోకూడదు. ఇది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. పక్కన కూలీ యాభై ఎక్కువిస్తామన్నా కదలకూడదు. ఇంకా 28,000 ఉంది. రెండు నెలలుగా అతనికి పని లేదు.

ఇక్కడ ఋణములు అంటే పాపాలనే అర్థమని సర్దుకోవచ్చు. లూకా సువార్తలో పాపములు అనే ఉంది. కానీ మన తెలుగులో రోజూ చెప్పుకునే ప్రార్థనలో ఉన్నది మత్తయి మాట, దానికి అసలు అర్థం అప్పే. పాపాలైతే క్షమించేశానని నోటితో అనేసి పడుకోవచ్చు. అప్పుకు లెక్కుంటుంది, స్టాంపు మీద సంతకముంటుంది. ఆ రాత్రి నుంచి ఆ వాక్యం నా నోట రాలేదు. మిగతావాళ్ళు చెప్తుంటే ఆ ఒక్క చోట ఊరుకునేవాణ్ణి. అమ్మ గమనించింది గానీ అడగలేదు.

బస్సులు లేకపోయినా బండ్లు తిరగనిస్తున్న రోజు చూసుకుని మైలవరం వైపు వాళ్ళ ఊరికి పోయాను. అతను ఇంటి ముందు నులక మంచం అల్లుతున్నాడు. నోటు చేతికిచ్చి, ఇక బాకీ లేదని చెప్పాను. అతను కాగితాన్ని ఒక మూల పట్టుకుని చూశాడు. నీళ్ళలో, రాతి బురదలో ఏళ్ళ తరబడి నాని పగిలిన వేళ్ళు. ముఖం వాడిపోయింది. "పని ఆపేస్తాండారా అన్నా?" అన్నాడు.

బాకీ వదిలేశానంటే పనిలోంచి తీసేస్తున్నానని అనుకున్నాడు. అతను చూసిన లోకంలో దానికి ఇంకో అర్థం లేదు. లేదు లేదు, ఫ్యాక్టరీ తెరవగానే రమ్మని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎందుకన్నా మరి, అన్నాడు. వాళ్ళది మా మతం కాదు. అక్కడ నిలబడి వాక్యం చెప్తే ఆ నోటు స్థానంలో ఇంకో నోటు రాయించుకున్నట్టు ఉంటుందనిపించింది. "మా పాప అడిగిందిలే" అన్నాను. వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

కథ ఇక్కడ ఆపితే మంచి సాక్ష్యం అవుతుంది. కానీ 2021 సంక్రాంతి అయ్యాక అతను బెంగళూరులో అపార్ట్‌మెంట్ పనులకు పోయాడు. పోయే ముందు రోజు చెప్పాడు. చేతిలో ఆర్డరు ఉంది, పాలిష్ తెలిసిన మనిషి లేడు. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. 28,000 వదిలేసుకున్నాను, కృతజ్ఞత లేని మనిషి అని అమ్మ దగ్గర వాపోయాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "అప్పు ఇడ్సిపెట్టినావా, లేకుంటే మనిషిని కొన్నావా?" అంది.

ఇప్పుడు నేను ఎవరి దగ్గరా నోటు రాయించుకోవడం లేదు. నెల కూలీకి మించకుండా అడ్వాన్సు ఇస్తాను, నోటి మాట మీద. ఒకతను 6,000 తీసుకుని మళ్ళీ కనపడలేదు. ఇది వ్యాపారానికి పనికొచ్చే పద్ధతి అని ఎవరికీ సలహా ఇవ్వను. ఆ వాక్యం మాత్రం గొంతులో అడ్డం పడకుండా చెప్పగలుగుతున్నాను.

ఇంట్లోనే దేవుడు దొరికితే ఇక గుడి ఎందుకని అడుగుతారు. ఇల్లు ఒక్కటే అయితే నా పిల్లలు, నా అన్నం అనే గూట్లో ఆయన్ని కూడా కట్టేసుకుంటాను. పిడికెడు బియ్యం డబ్బాలోనే ఉండిపోతే పురుగు పడుతుంది. ఆదివారం తీసుకుపోయి గోతంలో పోయాల్సిందే, అందరి గింజలతో కలవాల్సిందే.

ఆ కుర్రాడి పేరు అమ్మ రాత్రి ప్రార్థనలో ఇంకా చెప్తుంది, బెంగళూరులో మెట్ల మీద పని, కాపాడు తండ్రీ అని. మా పాప తొమ్మిదో తరగతికి వచ్చింది. అంగట్లో ఖాతా ఎప్పుడో తీరింది గానీ పిడికెడు తీసే పని ఇంకా దానిదే. మొన్న నా భార్య డబ్బా ఎత్తి చూసి, శుక్రవారానికే నిండిపోతోంది, పెద్ద డబ్బా చూడాలి అంది.